రైతుది ఏ ఊరు?

"ఏం సాబ్, మీరు తెలుగు భలే మాట్లాడతారే!"

చిత్తూరు జిల్లాలో పుట్టి, తెలుగులో వార్తలు రాసుకుని బతికే నాకు ఈ మెచ్చుకోలు ఇప్పటికీ తప్పడం లేదు. ఒకసారి ఒక పెద్దమనిషి ఇంకో అడుగు ముందుకేశాడు. తెలుగులో చేరిన తురక మాటల్ని ఏరి పారేస్తేగానీ భాష బాగుపడదన్నాడు. అప్పుడాయన చేతిలో దరఖాస్తు ఉంది. తహసీల్దారు కోసం కాచుకుని ఉన్నాడు.

సరే, ఏరుదాం. దరఖాస్తు, ఫిర్యాదు, దస్తావేజు, జరిమానా, కాగితం పారసీ మాటలు. హాజరు, వసూలు, బాకీ, రద్దు, వకీలు, తాలూకా అరబ్బీలో పుట్టి పారసీ మీదుగా మనదాకా వచ్చినవి. జిల్లా కూడా అంతే. అరబ్బీలో దాని మూలార్థం పక్కటెముక. చివరికి రైతు! అరబ్బీలో 'రఅయ్యత్' అంటే కాపరి మేపే మంద. తర్వాత రాజు కింది ప్రజలని అర్థమొచ్చింది. మన దేశానికొచ్చాక సేద్యం చేసేవాడయింది. రైతుని ఏరేస్తే తెలుగు పల్లెలో మిగిలేదెవరు?

ఇవి కత్తి పట్టుకుని వచ్చిన మాటలు కావు, లెక్క పుస్తకం పట్టుకుని వచ్చినవి. ఆర్కాటు నవాబుల కాలంలో మా ప్రాంతం దస్త్రాల్లో పాతుకున్నాయి. 1801లో కర్ణాటక రాజ్యం కంపెనీ చేతికి పోయింది. నవాబు పోయాడు గానీ మాటలు పోలేదు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల్లో పనిచేసిన థామస్ మన్రో పన్ను పద్ధతికి రైత్వారీ అనే పేరు. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు అప్పట్లో ఆ మండలాలవే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి. 'రయట్' అంటూ ఇంగ్లీషువాడు ఆ మాటను తన నిఘంటువులోకీ ఎక్కించుకున్నాడు.

ఇంగ్లీషువాడు అక్కడితో ఆగలేదు. ఖాక్ అంటే దుమ్ము. ఆ రంగు బట్ట ఖాకీ. పైజామా మనదే. ఒళ్ళు పిసకడాన్ని చెప్పే 'చాంపో' షాంపూ అయింది. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో షాంపూ స్నానశాల నడిపాడు. మన పందికొక్కు అక్కడ బ్యాండికూట్. యూల్, బర్నెల్ అనే ఇద్దరు 1886లో ఇలాంటి మాటలన్నీ కలిపి అచ్చేసిన నిఘంటువు పేరు 'హాబ్సన్-జాబ్సన్'. మొహర్రం ఊరేగింపులో "యా హసన్, యా హుసేన్" అనే కేకలు తెల్ల సిపాయిల నోట్లో నలిగి అలా తయారయ్యాయి. మా సీమ పల్లెల్లో పీర్ల పండక్కి హిందువులూ ముస్లిములూ కలిసి వేసే కేకలవి!

తెలుగుకు ఇంత సేవ చేసిన బ్రౌను మాత్రం 1854లో ఈ మాటలకు విడిగా మిశ్రభాషా నిఘంటువు వేశాడు. ఆయన అవసరం ఆయనది. కచేరీకొచ్చే తెల్ల దొరలకు అర్థం కావాలి. కానీ జనం అలా విడదీయలేదు. తిరుమల గుడిలోనే ఒక అధికారి హోదా పేరు పేష్కార్. అది పారసీ. ఆ పేరువల్ల స్వామికి ఏ మైలా అంటలేదు.

మా ఇంట్లోనూ ఇదే కథ. మా అమ్మ దక్కనీలో 'నక్కో' అంటే వద్దని. అది మరాఠీ. దెబ్బ తగిలితే "అయ్యో" అనేది, "హాయ్ అల్లా" కన్నా ముందు. ఇందులో ఏది మాది కాదు? ఏది మీది కాదు?

1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. తహసీల్దారు మండల రెవెన్యూ అధికారి అయ్యాడు. కొన్నేళ్ళకు సర్కారే మళ్ళీ తహసీల్దారు అని పిలుచుకుంది. ఏరి పారేసిన మాట నడిచి వెనక్కి వచ్చింది.

మాటకు తెలుగు గడ్డమీద ఇల్లు దొరికింది. రైతుని ఎవరూ నీదే ఊరని అడగరు. ఆ మాట తెచ్చినవాళ్ళ పేరు మోస్తున్నందుకు నన్ను మాత్రం ఇంకా అడుగుతున్నారు.