ఓడెక్కిన ఇంగ్లీషు

1582లో లండన్‌లో రిచర్డ్ ముల్కాస్టర్ అనే బడిపంతులు చదువుల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. ఇంగ్లీషంటే ప్రాణం పెట్టే మనిషి. అయినా తన భాష ఈ దీవి దాటి పోయింది లేదని, దీవిలో కూడా అన్ని మూలలకూ చేరలేదని దాపరికం లేకుండా రాశాడు. ఉన్న మాటే. వేల్స్‌లో వెల్ష్, స్కాట్లండ్ కొండల్లో గేలిక్, పడమటి కొసన కార్న్‌వాల్‌లో కార్నిష్ నడుస్తున్న రోజులవి. పండితులు లాటిన్‌లో రాసుకునేవారు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లందరినీ ఒకచోట చేర్చినా యాభై, అరవై లక్షలు ఉంటారేమో. నేటి హైదరాబాద్ జనాభా అంతకన్నా ఎక్కువ.

అలాంటి భాష నాలుగు వందల ఏళ్లలో ప్రపంచమంతా ఎలా పాకింది? మనలో చాలామంది దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: నేర్చుకోవడం తేలిక, ఏ భాష మాటనైనా కలుపుకుపోతుంది, అందుకే గెలిచింది అని. ఈ జవాబు నాకు రుచించదు. స్పెల్లింగుకూ ఉచ్చారణకూ పొంతనలేని భాషను తేలిక అనేవాళ్లు తమ మూడో తరగతిని మరిచిపోయి ఉండాలి. మాటలు అరువు తెచ్చుకోవడమా, అది తెలుగూ చేసింది, ప్రతి భాషా చేసింది. ఇంగ్లీషును మోసింది ఓడలు. వాటిలో ఎవరెక్కారు, ఎప్పుడెక్కారు, దిగినచోట ఎవరున్నారు అన్నదాన్ని బట్టి అది తీరానికో తీరున మారింది.

అమెరికాలో ఇంగ్లీషువాళ్ల వలసల్లో నిలదొక్కుకున్న మొదటిది వర్జీనియాలోని జేమ్స్‌టౌన్, 1607. అక్కడ దిగినవాళ్లు షేక్‌స్పియర్ కాలపు మనుషులు. ‘కార్ట్’, ‘హార్డ్’ వంటి మాటల్లో రకారాన్ని వాళ్లలో చాలామంది గట్టిగా పలికేవారు. తర్వాత, 18వ శతాబ్దం ముగిసే వేళకు, లండన్‌లోనూ దాని చుట్టుపక్కలా అచ్చు తర్వాతి రకారం జారిపోసాగింది. అమెరికాలో ఎక్కువ భాగం పాత ఉచ్చారణనే ఉంచుకుంది. లండన్‌తో రాకపోకలు బాగా ఉన్న బోస్టన్ వంటి రేవుపట్టణాలు మాత్రం వదులుకున్నాయి. ఆకురాలు కాలానికి అమెరికన్లు అనే ‘ఫాల్’, ‘గెట్’కు వాళ్లు వాడే ‘గాటెన్’ కూడా ఒకనాటి ఇంగ్లండు సొత్తే. అమెరికన్లు భాషను పాడుచేశారని బ్రిటన్‌లో ఇప్పటికీ విసుక్కుంటారు కానీ, ఈ విషయాల్లో మారింది ఇంగ్లండు. 1788లో ఖైదీల ఓడలు సిడ్నీ చేరేనాటికి ఆ మార్పు సాగుతూ ఉంది. ఆస్ట్రేలియా యాసలో అచ్చు తర్వాత రకారం వినపడకపోవడానికి అదొక కారణం.

స్వాతంత్ర్యం వచ్చాక అమెరికాకు నిఘంటువు కూడా సొంతదే కావాలనిపించింది. నోవా వెబ్‌స్టర్ 1783లో పిల్లలకు స్పెల్లింగు పుస్తకం రాశాడు, 1828లో డెబ్భై వేల మాటల నిఘంటువు వెలువరించాడు. ‘కలర్’లో ‘యు’ ఎగిరిపోయింది, ‘సెంటర్’ చివరి రెండక్షరాలు తారుమారయ్యాయి. చూడ్డానికి చిల్లర మార్పులు. కానీ తప్పొప్పులు తేల్చే హక్కు లండన్ ఒక్కదానిదే కాదని లోకానికి తెలిసింది వాటివల్లే.

కరీబియన్ కథ దీనికి పూర్తిగా వేరు. ఇంగ్లీషువాళ్లు 1627లో బార్బడోస్‌లో స్థిరపడ్డారు, 1655లో స్పెయిన్ చేతిలోంచి జమైకాను గుంజుకున్నారు. చెరకు తోటల్లో చాకిరీకి పశ్చిమాఫ్రికా మనుషులను బానిసలుగా తెచ్చారు. వచ్చినవాళ్లవి వేర్వేరు భాషలు. ఒకరి మాట ఇంకొకరికి తెలియదు. యజమాని మాటలు చెవిన పడ్డంతవరకే. అలా దొరికిన మాటలతో వాళ్లూ వాళ్ల పిల్లలూ ఒక నిండు భాషను కట్టుకున్నారు. మాటలు చాలావరకు ఇంగ్లీషువే అయినా వాక్యం నడిచే తీరు వేరు. కాలం తెలపడానికి క్రియ చివర ఏమీ తగిలించరు, దానికి ముందు ఒక చిన్న మాట పెడతారు. తినడాన్ని ‘న్యామ్’ అంటారు, అది ఆఫ్రికా నుంచి వెంట వచ్చిన మాట. దీన్ని చాలాకాలం విరిగిన ఇంగ్లీషు అని తీసిపారేశారు. ఇరవయ్యో శతాబ్దంలో లూయీస్ బెన్నెట్ ఆ భాషలోనే కవిత్వం రాసి, రంగస్థలం మీదా రేడియోలోనూ వినిపించి ఆ చిన్నచూపును చాలావరకు తుడిచేసింది.

ఆ భాషల చుట్టాలు ఆఫ్రికాలోనూ ఉన్నాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ వైపు నిలిచి స్వేచ్ఛ పొందిన నల్లవారు 1792లో సియెర్రా లియోన్ తీరాన ఫ్రీటౌన్ కట్టుకున్నారు. అక్కడ క్రియో అనే భాష రూపుదిద్దుకుంది. దానికి దగ్గరి బంధువు నైజీరియా పిడ్జిన్. 2017లో బీబీసీ ఆ పిడ్జిన్‌లో వార్తలు మొదలుపెట్టింది. అనౌన్సర్లు ఏ మాట ఎలా పలకాలో తేల్చడానికి 1926లో పెద్దలతో కమిటీ వేసిన బీబీసీ ఇదే!

మన దేశానికి వచ్చినవాళ్లు కాపురానికి రాలేదు, బేరానికి వచ్చారు. 1611లో మచిలీపట్నంలో ఈస్టిండియా కుంఫిణీ వర్తకశాల తెరిచింది, 1639లో మద్రాసులో కోటకు చోటు సంపాదించింది. ఆ రోజుల్లో మాటలు ఎక్కువగా ఇక్కడి నుంచే అటు వెళ్లాయి. మన పందికొక్కు ‘బ్యాండికూట్’ అయ్యి, ఇంగ్లీషు వెంట ఆస్ట్రేలియా చేరి, ఏ చుట్టరికమూ లేని ఒక సంచిజంతువుకు పేరై కూర్చుంది. ఇలాంటి మాటలను యూల్, బర్నెల్ ఇద్దరూ కలిసి 1886లో ‘హాబ్సన్-జాబ్సన్’ అనే నిఘంటువులో పోగుచేశారు. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసినవాడు.

1835లో మెకాలే నివేదిక, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వచ్చాక ప్రవాహం తిరగబడింది. అయితే మనకు ఇంగ్లీషు నేర్పింది పాఠ్యపుస్తకాలు, అర్జీ నమూనాలు, కోర్టు కాగితాలు. అందుకే మన ఆఫీసు ఇంగ్లీషుకు ఇప్పటికీ దఫ్తరు వాసన పోలేదు. ‘డూ ది నీడ్‌ఫుల్’ అని రాస్తే నవ్వేవాళ్లున్నారు. అది మన కల్పన కానే కాదు, ఆనాటి బ్రిటిష్ గుమాస్తాల మామూలు మాట. వాళ్లు మానుకున్నారు, మనం ఉంచుకున్నాం. అమెరికా ‘ఫాల్’ను ఉంచుకున్నట్టే.

కొన్ని మాటలు మాత్రం అచ్చంగా మన అవసరం కొద్దీ పుట్టాయి. ‘బ్రదర్ ఇన్ లా’ అంటే బావా, బావమరిదా, మరిదా, తోడల్లుడా తేలదు. చుట్టరికాల లెక్క తప్పితే పెళ్లింట్లో ఎంత రభస అవుతుందో తెలిసినవాళ్లు ‘కో-బ్రదర్’ అనే మాటను తప్పుపట్టరు. ఇక ఉచ్చారణ. ఇంగ్లీషువాళ్ల ‘టి’, ‘డి’లు మన త-దలకూ ట-డలకూ నడిమధ్యన పలుకుతాయి. మన చెవి వాటిని ట, డ అనే పట్టుకుంది. టికెట్టు, డాక్టరు అలాగే స్థిరపడ్డాయి. భారతీయుడి ఇంగ్లీషును ప్రపంచం మొదట గుర్తుపట్టేది ఈ మూర్ధన్యాలతోనే.

రాజ్యాంగం ఇంగ్లీషుకు ఇచ్చిన పదిహేనేళ్ల గడువు 1965తో తీరిపోవాలి. మద్రాసు రాష్ట్రంలో హిందీ వ్యతిరేక ఉద్యమం భగ్గుమంది. 1963 నాటి అధికార భాషల చట్టం, 1967లో దానికి చేసిన సవరణ ఇంగ్లీషును నిలబెట్టాయి. ప్రేమకొద్దీ అని ఎవరూ అనుకోనక్కర్లేదు.

తెలుగువాళ్ల ఇంగ్లీషు కథలో దక్షిణాఫ్రికా అధ్యాయాన్ని మనం దాదాపు చదవనే లేదు. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అందులో చెరకు తోటలకు వెళ్లిన తెలుగు, తమిళ కూలీలున్నారు. వెనక ఇంకా ఓడలు వెళ్లాయి, భోజ్‌పురి మాట్లాడేవారూ గుజరాతీ వర్తకులూ చేరారు. ఇన్ని భాషలవాళ్లు బడిలో, పనిలో, వీధిలో కలిసిన చోట ఇంగ్లీషే ఉమ్మడి భాష అయింది, ఇరవయ్యో శతాబ్దం నడిచేకొద్దీ ఇళ్లలోకీ వచ్చేసింది. భాషావేత్త రాజేంద్ మేస్త్రీ దాన్ని దశాబ్దాలపాటు పరిశీలించి, ఆ ఇంగ్లీషు వాక్యాల్లో భారతీయ భాషల నిర్మాణం ఎక్కడెక్కడ ఉందో చూపించారు. 1931లో పుట్టిన అక్కడి ఆంధ్ర మహాసభ తెలుగు కోసం పాటుపడింది. అయినా ముని మనవళ్ల నోట నిలిచింది ఇంగ్లీషు.

ఇరవయ్యో శతాబ్దంలో ఓడల పని అమెరికా డాలరు, సినిమా, విమానం చేశాయి. 1919 వర్సాయ్ సంధి ఫ్రెంచితోపాటు ఇంగ్లీషులోనూ రాయడంతోనే దౌత్యంలో ఫ్రెంచి గుత్తాధిపత్యం సడలింది. రువాండా 2008లో బడి చదువును ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు మార్చేసింది, ఆ దేశాన్ని ఇంగ్లీషువాళ్లు ఎన్నడూ ఏలకపోయినా.

ఈ విస్తరణకు బాగా పేరుపడ్డ పటం కశ్మీరులో పుట్టి అమెరికాలో బోధించిన బ్రజ్ కాచ్రూ 1985లో గీసిందే. లోపలి వలయంలో బ్రిటన్, అమెరికా వంటివి. దాని చుట్టూ భారత్, నైజీరియా, సింగపూర్ వంటి పూర్వపు వలసలు. వెలుపల చైనా, జపాన్ వంటి దేశాలు. ఆ పటం మనకు చాలా మేలు చేసింది, మన ఇంగ్లీషును తప్పుల పట్టిక అనకుండా ఒక రకం అని పిలిచే ధైర్యాన్నిచ్చింది. కానీ పాతబడింది. సింగపూర్ ప్రభుత్వం 2000లో మంచి ఇంగ్లీషు మాట్లాడండని ఉద్యమమే నడిపింది. మాట చివర ‘లా’ తగిలించే సింగ్లిష్ ఏమీ తగ్గలేదు. పైగా 2020 జనాభా లెక్కల్లో అక్కడి ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా మాట్లాడే భాష ఇంగ్లీషే, 48 శాతం పైన. ఇంటి భాషయ్యాక దాన్ని రెండో వలయంలో ఎలా కూర్చోబెడతాం?

ఆస్ట్రేలియా 1981లో మాక్వారీ నిఘంటువు తెచ్చుకుని తన ఇంగ్లీషుకు తానే పెద్దదిక్కు అయింది. సుప్రీంకోర్టు తీర్పుల నుంచి దినపత్రికల దాకా రోజూ మనం రాసే ఇంగ్లీషుకు ఆ స్థాయి నిఘంటువు ఇంకా లేదు. మన మాటల్లో ఏవి చెల్లుతాయో ఆక్స్‌ఫర్డ్ సంపాదకులు ప్రకటిస్తే పత్రికల్లో వార్తగా చదివి సంబరపడుతున్నాం. హైదరాబాద్‌లో 1958లో ఇంగ్లీషు బోధన కోసమే పెట్టిన కేంద్ర సంస్థ ఉంది, ఇప్పుడది విశ్వవిద్యాలయం కూడా. ఈ నిఘంటువు పని అక్కడే మొదలు కావాలి.