చాప మీద నూరేళ్లు, కంచంలో నూరేళ్లు

15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపికలో వర్ణించిన ఆసనాలు పదిహేను. ఇప్పుడు ఒక గంట యోగా తరగతిలోనే అంతకన్నా ఎక్కువ వేయిస్తారు. ఆసనాలు చెప్పిన ఆ మొదటి అధ్యాయంలోనే ఆయన తిండి సంగతి కూడా ఎత్తుకున్నాడు. గోధుమ, వరి, యవలు, పెసలు, పాలు, నెయ్యి, శొంఠి మంచివన్నాడు. చల్లారినదాన్ని మళ్లీ వేడిచేసుకుని తినొద్దన్నాడు. కడుపులో నాలుగో వంతు ఖాళీగా ఉంచమన్నాడు. మితాహారం లేని సాధనను ఆయన ఊహించలేదు. తర్వాత, ముఖ్యంగా గత నూరేళ్లలో, ఆసనాలు ప్రపంచమంతా పాకాయి. మితాహారం మాత్రం వెనకబడింది.

ఈనాటి యోగాభ్యాసానికి రూపం వచ్చింది 20వ శతాబ్దం మొదటి సగంలో. బొంబాయిలో శ్రీ యోగేంద్ర 1918లో యోగా సంస్థ పెట్టి, సంసారులకూ రోగులకూ నేర్పడం మొదలుపెట్టారు. 1924లో స్వామి కువలయానంద లోనావ్లాలో కైవల్యధామ స్థాపించి, ఆసనాలు వేసేటప్పుడు శరీరంలో ఏం జరుగుతుందో ఎక్స్‌రేలతో పరీక్షించారు. ఔంధ్ రాజు భవన్‌రావు పంత్ ప్రతినిధి సూర్యనమస్కారాలను రోజువారీ వ్యాయామంగా ప్రచారం చేశారు. ఈ రోజు యోగాకు గుర్తుగా నిలిచిన ఆ వరుస స్వాత్మారాముడి పట్టికలో లేదు.

అసలు మలుపు మైసూరులో వచ్చింది. నాలుగో కృష్ణరాజ ఒడయార్ ఆదరణలో, 1930లలో, జగన్మోహన్ ప్యాలెస్ యోగశాలలో తిరుమలై కృష్ణమాచార్య కుర్రవాళ్లకు పాఠం చెప్పేవారు. వాళ్లకు తగ్గట్టే ఆ పద్ధతిలో వేగం, దూకుడు ఉండేవి. ఆయన బావమరిది బి.కె.ఎస్. అయ్యంగార్ చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయలతో చిక్కి శల్యమైన పిల్లవాడు. శరీరం సహకరించకపోతే ఏం చేయాలో ఆయనకు స్వానుభవంతో తెలుసు. అందుకే తాళ్లు, చెక్కదిమ్మలు, కుర్చీలు తెచ్చి, వంగలేనివాళ్లకూ ఆసనం అందుబాటులోకి తెచ్చారు. 1966లో వచ్చిన ఆయన పుస్తకం ‘లైట్ ఆన్ యోగా’ దేశదేశాల అభ్యాసకులకు ప్రామాణికమైంది. కృష్ణమాచార్య దగ్గరే నేర్చుకున్న ఇంద్రాదేవి 1940ల చివర్లో హాలీవుడ్‌లో స్టూడియో తెరిచారు.

తన పేరుతోనే నిలిచిన వ్యాయామ పద్ధతికి ఆద్యుడు, జర్మనీలో 1883లో పుట్టిన జోసెఫ్ పిలాటిస్ కథ అయ్యంగార్ కథకు దగ్గరగా ఉంటుంది. ఉబ్బసం, రికెట్స్, కీళ్లవాతపు జ్వరం ఆయన బాల్యాన్ని పీడించాయి. జిమ్నాస్టిక్స్, కుస్తీ, బాక్సింగ్ పట్టుదలతో సాధన చేశాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఇంగ్లండులో ఉన్నాడు. శత్రుదేశీయుడని ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని నాకలో శిబిరంలో బంధించారు. మంచాన పడ్డవాళ్లు కదిలేందుకు అక్కడ మంచాలకు స్ప్రింగులు బిగించాడనీ, రిఫార్మర్ అనే ఆయన వ్యాయామ పరికరానికి అదే బీజమనీ చెప్పుకుంటారు. 1926లో న్యూయార్క్ చేరి, భార్య క్లారాతో కలిసి స్టూడియో నడిపాడు. తన పద్ధతిని ఆయన కంట్రాలజీ అనేవాడు. జార్జ్ బాలన్‌షీన్, మార్తా గ్రహమ్ వంటి నృత్యకారులు దాని విలువ గుర్తించారు. ఇందులో ముఖ్యమైనవి నడుము, పొట్ట చుట్టూ ఉండే లోపలి కండరాల పట్టు, ఊపిరి లెక్క. ‘హండ్రెడ్’ అనే మొదటి వ్యాయామంలో అయిదు లెక్కలకు ఊపిరి పీల్చి, అయిదు లెక్కలకు వదులుతూ, చేతులను నూరుసార్లు ఆడించాలి. ఆయన 1967లో పోయాడు. పిలాటిస్ అన్న పేరు ఏ ఒక్కరి ఆస్తీ కాదని 2000లో న్యూయార్క్ కోర్టు తేల్చడంతో, ఆ పేరుతో ఎవరైనా నేర్పే వీలు కలిగింది.

పిలాటిస్ తరం వాడే మన కోడి రామమూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సర్కస్ కంపెనీ పెట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న మల్లుడు. శాకాహారి. తన బలానికి ప్రాణాయామమే మూలమనేవాడు. ఆయన్ను మనం వింతగా చూసి చప్పట్లు కొట్టాం గానీ, ఆ సాధన వెనుక పద్ధతిని తర్వాతి తరాలకు పాఠంగా మలచుకోలేకపోయాం. ఈ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇక కంచం సంగతి. శరీర సాధన ఇలా పుంజుకుంటున్న ఆ రోజుల్లోనే మన వంటింట్లో రోలూ రోకలీ మూలనపడి, మరపట్టిన తెల్లబియ్యం వచ్చాయి. దంపుడు బియ్యంలో మిగిలే పైపొరతోపాటు థయమిన్ అనే బి1 విటమిన్ పోయింది. మిగిలిన కాస్తా కడుగులోనూ వార్చిన గంజిలోనూ పోయేది. తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం వాడకం ఎక్కువ. వడ్లను ఉడికించినప్పుడు విటమిన్ గింజ లోపలికి ఇంకుతుంది కాబట్టి అక్కడివాళ్లకు కొంత రక్షణ ఉండేది. పచ్చి బియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాలను ఆ విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి పట్టుకుంది.

డాక్టర్ రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగం ఈ బెరిబెరి కోసమే. అదే పెరిగి, 1958లో హైదరాబాదు తార్నాకకు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములను స్ప్రూ వ్యాధికి పోగొట్టుకున్నారు. 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఆ వ్యాధికి మందైన ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. తోటకూరలోనూ గోంగూరలోనూ ఉండే పోషకం అది.

అయితే పాతదంతా బంగారమనడం నాకు ఇష్టం లేదు. జొన్నే ఆధారమైన దక్కన్ కూలీల్లో పెల్లాగ్రా అనే పోషకాహార లోప వ్యాధి కనిపించేది. దానికీ జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికీ సంబంధముందని 1960లో పోషకాహార శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా ప్రతిపాదించారు. రొట్టెతో పప్పు, ఆకుకూర, మజ్జిగ ఉన్న ఇంటికీ, కారంతో నంజుకున్న ఇంటికీ జొన్న ఒకేలా పనిచేయలేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చి ఎన్నో ఇళ్ల ఆకలి తీర్చింది. ఆ మేలు మరవరాదు. దానితోపాటే కొర్రలు, రాగులు, జొన్నలు పొలంలోనూ పొయ్యి మీదా తగ్గుతూ వచ్చాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించేసరికి, ఒకప్పటి పేదల అంబలి గింజలు నగరాల్లో ఖరీదైన సరుకయ్యాయి.

తార్నాక సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, రెండు వేల కేలరీల కంచంలో ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు. మన ఇళ్లలో ఇది తలకిందులు. అన్నం రాశిగా ఉంటుంది, కూర నంజుకోవడానికి ఉంటుంది. దీన్ని సరిచేయాలంటే నలుగురున్న ఇంట్లో రోజుకు కిలోన్నర పైన కూరలు కడిగి, తరిగి, వండాలి. దంపుడు బియ్యం కాలంలో రోకలి పోటు వేసిందీ, ఇప్పుడు కత్తిపీట ముందు కూర్చునేదీ ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లకు చాప పరుచుకునే గంట దొరకాలంటే, ఆ కూరల్లో సగమైనా ఇంట్లో మగవాళ్లు తరగాలి.