యుద్ధంపై రెండు మాటలు: అనంతపురం రాజకీయాల్లో రెండో ప్రపంచ సంగ్రామం

1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో భారతీయ నాయకులెవరినీ సంప్రదించకుండానే ఈ దేశం జర్మనీతో యుద్ధానికి దిగిందని ప్రకటించే నాటికి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే అనంతపురం జిల్లాలో, ఆ యుద్ధాన్ని మున్ముందు రెండు విధాలుగా అర్థం చేసుకోబోయే ఇద్దరు యువకులు ఒకే బంధువర్గంలో ఉన్నారు. ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డికి అప్పుడు 26 ఏళ్లు. 1929లో గాంధీజీ జిల్లాకు వచ్చి వెళ్లాక ఖద్దరు కట్టి, ఆపైన చదువుకు స్వస్తి చెప్పి, 1938 నుంచి ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి కార్యదర్శిగా పనిచేస్తున్నారు. ఆయన కన్నా దాదాపు నాలుగేళ్లు చిన్నవాడైన తరిమెల నాగిరెడ్డి మద్రాసు లయోలా కళాశాలలోనూ, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోనూ చదువుతూ మార్క్సిజం వైపు మళ్లారు. నాగిరెడ్డి సోదరి నాగరత్నమ్మను సంజీవరెడ్డి వివాహమాడడంతో వీరిద్దరూ బావా బావమరుదులు.

తర్వాతి కాలపు వైరాన్ని బట్టి వీరి మధ్య యుద్ధారంభం నుంచే భేదం ఉన్నదనుకోవడం పొరపాటు. తొలి రెండేళ్లూ కాంగ్రెస్, కమ్యూనిస్టు పక్షాలు రెండూ ఆ యుద్ధానికి సహకరించరాదనే చెప్పాయి. ప్రజల సమ్మతి లేకుండా దేశాన్ని యుద్ధంలోకి లాగడాన్ని నిరసిస్తూ 1939 అక్టోబరు చివర మద్రాసులో రాజగోపాలాచారి (రాజాజీ) మంత్రివర్గం రాజీనామా చేసింది. మరుసటి అక్టోబరులో గాంధీజీ వ్యక్తి సత్యాగ్రహం ఆరంభించారు. అంటే జనసమూహాలను కదిలించకుండా, ఎంపిక చేసిన ఒక్కొక్కరే ముందుకు వచ్చి, మనుషులనుగాని డబ్బునుగాని యుద్ధానికి ఇవ్వరాదని బహిరంగంగా చెప్పి అరెస్టు కావడమన్నమాట. సంజీవరెడ్డి జైలుకు వెళ్లింది ఆ ఉద్యమంలోనే. 1934 నుంచి నిషేధంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీ మాత్రం దీన్ని వలసల కోసం సామ్రాజ్యవాదులు తమలో తాము చేసుకుంటున్న పోరుగా వర్ణించింది. కారణాలు వేరైనా ఇద్దరికీ చివరకు దక్కింది జైలే.

నాగిరెడ్డిని జైలుకు పంపినది ఒక చిన్న పుస్తకం. యుద్ధం వల్ల కలిగే ఆర్థిక ప్రభావాన్ని గురించి 1940లో రాసిన ఆ రచనకు గాను ప్రభుత్వం ఆయనకు ఏడాది శిక్ష విధించి తిరుచిరాపల్లి జైలులో ఉంచింది. ఎక్కడో ఐరోపాలో జరిగే యుద్ధాన్ని ధరల వైపు నుంచి చూడాలన్న ఆలోచన అనంతపురంలో పుట్టడం ఎంతో సహజం. ఎర్రనేలల్లో వేరుశనగ అప్పటికే కొర్ర, సద్దలను పక్కకు నెట్టి రైతుకు నగదు పంటగా నిలదొక్కుకుంది. మద్రాసు రాష్ట్రపు వేరుశనగకు ఫ్రాన్సు పెద్ద గిరాకీదారు. 1940 జూన్‌లో ఆ దేశం జర్మనీకి లొంగిపోయి ఐరోపా విపణి మూతపడగా ఇక్కడ కాయల ధర పడిపోయింది. విత్తనం కోసం అప్పు చేసి తొలకరికి గొర్రు తోలిన రైతుకు, వాన కరుణించి కాయ చేతికొచ్చినా, పారిస్ పతనం వల్ల ఆ అప్పు తీరని స్థితి ఏర్పడింది. యుద్ధం ఖర్చు ఎవరు మోస్తారన్న ప్రశ్నను అంత ముందుగా ఎత్తుకోవడమే, పార్టీ తీర్మానాలు ఆ తర్వాత ఎలా మారినా, ఆనాటి జిల్లా రాజకీయ చింతనలో అన్నిటికన్నా విలువైన అంశం.

చీలిక 1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ యూనియన్‌పై దండెత్తడంతో మొదలైంది. ఆ ఏడాది చివరికల్లా కమ్యూనిస్టు పార్టీ తన మాట మార్చుకుని, ఫాసిజాన్ని ఓడించడమే సకల దేశాల శ్రామికుల తక్షణ కర్తవ్యమనే అర్థంలో దీన్ని ‘ప్రజాయుద్ధం’ అన్నది. 1942 జూలైలో ప్రభుత్వం ఆ పార్టీపై నిషేధం ఎత్తివేసింది. కాంగ్రెస్ అందుకు పూర్తిగా ఎదురుదారి పట్టింది. ఆ ఏడాదే ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను బాంబులు పడి, బ్రిటన్ పంపిన క్రిప్స్ రాయబారం విఫలమయ్యాక, ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానం ఆమోదించింది. మార్చిలో విడుదలైన సంజీవరెడ్డిని ఆగస్టులో మళ్లీ నిర్బంధించి అమరావతి జైలుకు పంపారు. ప్రకాశం, సత్యమూర్తి, కామరాజ్, వి.వి.గిరి అక్కడ ఆయన సహచరులు. ఈ రెండు మార్గాలూ కాదని, ముస్లిం లీగుతో రాజీపడి జాతీయ ప్రభుత్వం ఏర్పరచి జపానును ఎదుర్కోవాలన్న రాజాజీ, అందుకోసం కాంగ్రెస్‌నే వదులుకున్నారు.

ఇక్కడ తీర్పు చెప్పక తప్పదు. బానిస దేశం తన స్వేచ్ఛను వాయిదా వేసుకుని ఇతరుల స్వేచ్ఛ కోసం పోరాడజాలదన్న కాంగ్రెస్ వాదం న్యాయమైనది. ఫాసిజం గెలిస్తే ఆ స్వేచ్ఛకే చోటుండదన్న కమ్యూనిస్టుల భయమూ నిజమైనదే. అయితే మాస్కో మీద దాడి జరిగాకనే ఆ భయం కార్యక్రమంగా మారడం, తమతో నిన్నటిదాకా జైలు పంచుకున్నవారు ఆగస్టులో కటకటాల వెనక్కి వెళుతుంటే తాము బయట ఉండిపోవడం, కమ్యూనిస్టులను ఏళ్ల తరబడి వెంటాడిన నింద. కాంగ్రెస్‌కు మరో లోటు ఏర్పడింది: నాయకుల్లో చాలామంది 1945 దాకా జైళ్లలో ఉండడంతో, యుద్ధం ఊళ్లలోకి వచ్చిన అసలు కాలంలో వారు ప్రజల మధ్య లేరు. 1942 మార్చిలో రంగూను పతనమై బర్మా బియ్యం ఆగిపోయాక తిండిగింజల ధరలన్నీ ఎగబాకాయి. కిరసనాయిలుకూ బట్టకూ కరువొచ్చింది. ‘కంట్రోలు’ అన్న మాట తెలుగు ఇళ్లలో స్థిరపడింది. నిర్ణీత ధరకు సరుకు పంచే ఆ పద్ధతిలో దొంగనిల్వలను బయటపెట్టాలనీ, ఆహారోత్పత్తి పెంచాలనీ తిరిగినవారు కమ్యూనిస్టు కార్యకర్తలే. 1940 నాటి ప్రశ్న ఆ విధంగా, పార్టీ పంథా తలకిందులైనా, వారి పనిలో బతికే ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత సంజీవరెడ్డి అధికార పక్షంలో పైకెదిగారు, 1951లో ఎన్.జి.రంగాపై గెలిచి ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. మరుసటి ఏడాది తొలి సార్వత్రిక ఎన్నికల్లో అనంతపురం శాసనసభ స్థానానికి బావా బావమరుదులు ముఖాముఖి తలపడ్డారు. రాయలసీమ కరువుతో అల్లాడుతూ గంజి కేంద్రాల మీద ఆధారపడుతున్న రోజులవి. క్విట్ ఇండియా త్యాగాలు కాంగ్రెస్ వైపునే ఉన్నా, గెలిచింది నాగిరెడ్డి. మద్రాసులో మళ్లీ ముఖ్యమంత్రి అయిన రాజాజీ ఆహారధాన్యాల కంట్రోలును ఎత్తివేసింది ఆ జూన్‌లో, యుద్ధం ముగిసిన దాదాపు ఏడేళ్లకు.