తుపాకి సప్పుడు – అడివి పంది – మన చట్టం

ఈసారి కాస్త పెద్దదే రాస్తున్నాను. మొక్కజొన్న చేలో మంచె మీద కాపలా ఉంటూ నాలుగు రాత్రులు కొంచెం కొంచెంగా రాసింది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

మొన్న సాయంత్రం టీ బడ్డీ దగ్గర మా ఊరి కుర్రాడొకడు ఫోనులో వీడియో చూపించాడు. వరసకి నాకు మేనల్లుడవుతాడు. ఎక్కడో విదేశంలో ఒకాయన తుపాకి గొట్టం చివర ఇంకో లావు గొట్టం బిగించి అడివి పందిని కొట్టాడు. టప్పుమని చిన్న శబ్దం, అంతే.

"సూసినావా మావా, సైలెన్సరు! నాటు తుపాకి ఒకటి సంపాదించి, ఇలాటి గొట్టం లేతు మిషను కాడ సేయించీసుకుంటే సాలు. సప్పుడు రాదు, ఎవుడికీ తెలీదు, మన పంట మనకి దక్కుతాది" అన్నాడు.

నాకు వాడి మీద కోపం రాలేదు. ఎకరంన్నర మొక్కజొన్న వేశాడు. కంకి పాలు పోసుకునే వేళకి పందులు దిగి ఒక్క రాత్రిలో సగం చేను పడగొట్టేశాయి. తిన్నది తక్కువ, తొక్కింది ఎక్కువ. విత్తనానికీ ఎరువుకీ తెచ్చిన అప్పు మాత్రం అలాగే నిలబడి ఉంది. ఆ బాధ తెలిసినవాడిని కాబట్టి ఆ పూట "వద్దురా" అన్నాను గాని, ఎందుకు వద్దో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇంటికొచ్చాక తెలిసిన వకీలు గారిని అడిగాను, చట్టాలు చదివించుకున్నాను, పెద్దల మాటలు గుర్తు చేసుకున్నాను. అదే ఇది.

ముందు మా తాత చెప్పిన సంగతి. ఆ రోజుల్లో మా ఊరి మునసబు గారింట్లో లైసెన్సు తుపాకి ఒకటుండేది. గొట్టం మూతిలోంచి మందు కూరి, గుడ్డ పెట్టి, సీసం గుళ్ళు పోసి, కడ్డీతో దట్టించాలి. ఒకసారి పేలిస్తే మళ్ళీ సిద్ధం చేసేసరికి చుట్ట సగం కాలిపోయేదట. దానితో చచ్చిన పందుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాని చోడి చేల కాలంలో రాత్రిపూట మెట్ట మీద నిలబడి ఒకసారి పేలిస్తే గెడ్డ అవతల ఊరికి వినపడేది. రెండు మూడు రాత్రులు పందులు ఇటు తిరిగి చూసేవి కావు. మిగతా రాత్రులు డప్పులు, డబ్బాలు, కేకలు, వడిసెల రాళ్ళు. అంటే రైతుకి తుపాకి ఇచ్చిన పని చంపడం కంటే బెదరగొట్టడమే ఎక్కువ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు చట్టాల చరిత్ర. మన ప్రాంతం అప్పట్లో మద్రాసు రాజధానిలో గంజాం, విశాఖపట్నం జిల్లాల కింద ఉండేది. 1857 తిరుగుబాటు చూసి బెదిరిన తెల్లదొరలు 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. లైసెన్సు లేకుండా తుపాకి ఉండకూడదన్నారు. కాని ఆ నిబంధన అందరికీ ఒకేలా లేదు. దొరలకీ పెద్ద పెద్ద జమీందార్లకీ మినహాయింపులిచ్చారు. నాలుగేళ్ళకి, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో వేటకీ, ఉచ్చులు పెట్టడానికీ కట్టుబాట్లు పెట్టింది. తరతరాలుగా కొండ మీద విల్లంబులతో వేటాడి బతికిన సవర, జాతాపు వాళ్ళు తమ అడవిలోనే దొంగలయ్యారు. జమీందార్ల షికార్లు మాత్రం ఏనుగుల మీద దర్జాగా సాగాయి. విజయనగరం మహారాజకుమార్ విజ్జీ పేరు మీరు వినే ఉంటారు. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్ ఆయన. వందల పులుల్ని కొట్టినవాడిగా కూడా ఆయనకి పేరుంది. అలాంటి వేటకి చప్పుడు దాచాల్సిన పని లేదు. అది గొప్ప చెప్పుకునే వేట.

మన వైపు తుపాకి అంటే సర్కారుకి ఇంకో భయం కూడా ఉంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు పడి పట్టుకుపోయింది తుపాకులూ తూటాలే. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల మనుషుల కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. ఆ తరవాత శ్రీకాకుళం కొండల్లో ఎంత రక్తం కారిందో పెద్దలకి తెలుసు. అందుకే ఇక్కడ కొండ పక్క ఊళ్ళో నాటు తుపాకి దొరికిందంటే పోలీసులు అది పందికా, మనిషికా అని అడుగుతారు. ఆ అనుమానానికి వెనక వందేళ్ళ చరిత్ర ఉంది.

స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు. అది 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో రైతు పేరు మీద ఒక మాట ఉందని మనలో చాలామందికి తెలీదు. 13వ సెక్షనులో, నిజంగా పంట కాపలాకే అయితే మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని ఉంది. అది చాలదని అధికారి నమ్మితే నున్నటి గొట్టం ఉన్న వేరే తుపాకికైనా ఇవ్వొచ్చు. మునసబు గారి తుపాకి లాంటిదే రైతుకి రాసిపెట్టారన్నమాట. పెద్ద చప్పుడు, పెద్ద పొగ.

మరి సైలెన్సరు? ఇది అమెరికాలో పుట్టింది. హైరం పెర్సీ మాగ్జిమ్ అనే ఆయన 1909లో దానికి పేటెంటు తీసుకున్నాడు. మర తుపాకి కనిపెట్టిన మాగ్జిమ్‌కి ఆయన కొడుకు. పేలిన మందు గాలి ఒక్కసారిగా బయటికి తన్నుకురాకుండా గొట్టంలో గదులు గదులుగా తిరిగి చల్లబడి వస్తుంది, అందువల్ల చప్పుడు తగ్గుతుంది. మన మోటారు సైకిలు సైలెన్సరు చేసే పని కూడా దగ్గరదగ్గర ఇదే. మన కుర్రాళ్ళు బండికున్నది పీకేసి ఊరంతా లేపుతారు, తుపాకికి లేనిది పెట్టాలంటారు! పైగా సినిమాలో చూపించినట్టు చప్పుడు పూర్తిగా పోదు. శబ్దం కంటే వేగంగా పోయే గుండు గాలిని చీల్చే చప్పుడు ఎలాగూ మిగులుతుంది.

మన చట్టం దీని గురించి ఏమంటుందంటే, 1959 చట్టం 2వ సెక్షనులో తుపాకి అంటే ఏమిటో చెబుతూ, పేలేటప్పుడు వచ్చే చప్పుడునీ మంటనీ తగ్గించడానికి చేసిన పరికరాన్ని కూడా తుపాకి లెక్కలోనే చేర్చారు. అంటే తుపాకి లేకుండా ఉత్త గొట్టం ఒక్కటి ఇంట్లో దొరికినా, లైసెన్సు లేని తుపాకి దొరికినట్టే. 2019లో చేసిన సవరణ తరవాత దానికి శిక్ష 2 ఏళ్ళకి తక్కువ కాకుండా 5 ఏళ్ళ దాకా జైలు, జరిమానా అదనం. తయారు చేస్తే ఇంకా ఘోరం. 7 ఏళ్ళకి తక్కువ కాకుండా యావజ్జీవం దాకా పడొచ్చు. లేతు మిషను దగ్గర మన మాట మీద గొట్టం చేసిచ్చిన పాపానికి ఆ పనివాడు కూడా మునిగిపోతాడు.

ఇది ఆయుధం సంగతి. వేట సంగతి వేరే చట్టం. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. ఆ ఏడు దేశంలో పులుల్ని లెక్కపెడితే 1,827 తేలాయి. మొదట్లో ఆ చట్టం కింద కూడా లైసెన్సు తీసుకుని కొన్ని జంతువుల్ని వేటాడే వీలుండేది. 1991 సవరణతో ఆ తలుపు మూసేశారు. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలై, అడివి పందిని రెండో షెడ్యూల్లో పెట్టారు. అనుమతి లేకుండా పందిని చంపితే 3 ఏళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక్కడ చప్పుడుతో పని లేదు. ఆ చట్టంలో వేట అంటే కాల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు, విషం, వల, ఎర, చివరికి ప్రయత్నం కూడా వేటే. చచ్చిన పంది సర్కారు ఆస్తి. కూర వండుకుంటే ఇంకో కేసు.

"మరి అమెరికాలో ఎలా కొడుతున్నారు మావా" అని వాడి ప్రశ్న. నిజమే, అక్కడ చాలా రాష్ట్రాల్లో సైలెన్సరుతో వేట చట్టబద్ధమే. కాని 1934 నుంచి ప్రతి సైలెన్సరునీ కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు చెయ్యాలి. ఫిన్లాండు, నార్వే దేశాల్లో వేటగాళ్ళు వాడతారు, చెవులు దెబ్బతినకుండా, చుట్టుపక్కల వాళ్ళకి ఇబ్బంది లేకుండా. అక్కడ వేటే చట్టబద్ధం. వేటగాడెవరో, తుపాకి ఎవరిదో సర్కారు పుస్తకంలో ఉంటుంది. చప్పుడు తగ్గినా మనిషి దాక్కోలేదు. మనవాడు అడిగేది దాక్కోడానికి. ఆ రెండూ ఒకటి కావు.

ఇప్పుడు ఇన్నాళ్ళూ ఊళ్ళో పూర్తిగా చెప్పని మాట ఒకటి చెబుతాను. పదకొండేళ్ళ కిందట, పందుల బాధ పడలేక, నేను కూడా ఒక రాత్రి వేరుశెనగ చేను చుట్టూ తీగ లాగి కరెంటు పెట్టాను. ఆ రాత్రి ఏ చప్పుడూ రాలేదు. పంది బెదిరి పారిపోయిన అలికిడి కూడా లేదు. తెల్లారి చూస్తే పక్క రైతు పెయ్యదూడ తీగ మీద పడి ఉంది. డబ్బు కట్టాను, ఆయన తీసుకున్నాడు, గొడవ లేకుండా పోయింది. కాని ఆ వేళ నా కాళ్ళు ఒణికింది దూడ కోసం కాదు. ఆ గట్టు మీద నుంచే రోజూ తెల్లవారుజామున ఆయన కొడుకు మోటారు వెయ్యడానికి నడుస్తాడు. ఆ రోజు నీటి వంతు తనది కాదు కాబట్టి రాలేదు. అంతే, ఇంకేమీ లేదు, వంతు ఒక్కటే అడ్డం పడింది.

చప్పుడు లేని చావు ఎవరినీ హెచ్చరించదు. తుపాకి పేలితే పక్క చేలో ఉన్నవాడు "ఓలబ్బో, ఇక్కడ మనిషున్నాడు" అని కేకేస్తాడు. పేలింది వినపడకపోతే రెండో గుండుకి ముందు ఆ కేక కూడా ఉండదు. చీకట్లో మొక్కజొన్న కదిలితే అది పందో, నీరు కట్టుకునే మనిషో ఎవుడు చెప్పగలడు? నాటు బాంబు కొరికి దవడ పగిలిన ఆవుల్ని మనం చూడలేదా?

అలాగని చేతులు కట్టుకు కూర్చోమని నేను అనడం లేదు. చట్టం మనకి ఇచ్చిన దారి చిన్నదే గాని ఉంది. అదే వన్యప్రాణి చట్టం 11వ సెక్షనులో, నిలబడి ఉన్న పంటకి ప్రమాదమైన రెండో షెడ్యూలు జంతువుని చంపడానికి కారణాలు రాసి అనుమతి ఇచ్చే అధికారం రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి అధికారికి, ఆయన అధికారమిచ్చిన అధికారికి ఉంది. కేరళలో 2022లో ఆ అధికారాన్ని పంచాయతీ పెద్దల దాకా తెచ్చారు. లైసెన్సున్నవాళ్ళే కాల్చాలి, విషం, బాంబు, కరెంటు కూడదు. 2015-16లో బీహార్, ఉత్తరాఖండ్‌లలో కొన్ని జిల్లాల్లో కేంద్రమే కొంతకాలం అడివి పందిని పంటకి చేటు చేసే జంతువుగా ప్రకటించింది. వాళ్ళకి వచ్చింది మనం అడగకూడదని ఎక్కడా లేదు. కాని అడగాలంటే నష్టం కాగితం మీద ఉండాలి. ఫొటో, తేదీ, సర్వే నంబరు, ఎన్ని సెంట్లు పోయిందో, అధికారి వచ్చి చూసిన సంతకం. ఒక్కడు పెట్టిన అర్జీ కాగితమే, ఊరంతా పెట్టిన అర్జీ లెక్క.

ఈ దారి నెమ్మదని నాకు తెలుసు. పంది ఒక్క రాత్రిలో వస్తుంది, కాగితం నెలకి కదుల్తుంది. ఆ కోపం నాకూ ఉంది. దొరల కాలంలో షికారు చేసినవాడికి మినహాయింపు దొరికింది గాని పంట పోయినవాడికి కాదు. ఇప్పుడు కూడా నష్టం మనది, నిర్ణయం ఇంకొకరిది. ఆ అన్యాయం గురించి గట్టిగా మాట్లాడాలి. గొట్టం బిగించి రహస్యంగా కాల్చినవాడు రేపు నలుగురిలో నిలబడి నా పంట పోయిందని గట్టిగా అడగలేడు. మొదట నోరు పడిపోయేది వాడిదే.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. కాసేపు మాటాడలేదు. తరవాత "అయితే ఈ రేత్రి ఏటి సేద్దాం మావా?" అన్నాడు. సబబైన ప్రశ్నే. మా గట్టు పక్క రైతులం ఆరుగురం వంతులు వేసుకున్నాం. ఒక్కొక్క రాత్రి ఇద్దరు మంచె మీద, ఒక డప్పు, రెండు నూనె డబ్బాలు, ఒక బేటరీ లైటు. ఆరుగురి సంతకాలతో అర్జీ కూడా రాశాం, ఇంకా జవాబు రాలేదు. పందులు రావడం మానలేదు, తగ్గాయి. మొన్న రాత్రి ఒక మూల పది గజాలు పాడు చేశాయి. మిగతా చేను నిలబడి ఉంది.

ఈ రాత్రి వంతు వాడిదీ నాదీ. డప్పు వాడి చేతిలో ఉంది. వాయించడం రాదు గాని, గెడ్డ అవతలికి వినపడేలా కొడుతున్నాడు.