కంఠ పరీక్షా పద్ధతులు - వృద్ధ రోగి సౌకర్యం: చారిత్రక పరిశీలన

వైద్య పరికరాల చరిత్రను సాధారణంగా వైద్యుడు ఏమి చూడగలిగాడన్న కోణంలో రాస్తారు. అందుకోసం రోగి ఏమి భరించాడన్నది కూడా చరిత్రే. కంఠ పరీక్ష ఇందుకు మంచి ఉదాహరణ.

1854లో సంగీత గురువు మాన్యుయెల్ గార్సియా సూర్యకాంతిలో, రెండు అద్దాల సాయంతో తన స్వరపేటికను తానే చూసుకున్నాడు. 1857-58లో ట్యూర్క్, చెర్మాక్ ఈ పద్ధతిని వైద్యంలోకి తెచ్చారు. చెర్మాక్ దీపకాంతిని వాడటంతో ఎండ కోసం ఎదురుచూడవలసిన అవసరం తప్పింది. అయితే నాలుకను బయటికి లాగి పట్టుకోవాలి. అద్దం తగిలితే డోకు వస్తుంది. 1884 నుంచి కొకైన్‌తో గొంతును మొద్దుబార్చడం ఈ బాధను కొంత తగ్గించింది.

1895లో బెర్లిన్‌లో కిర్‌స్టైన్ అద్దం లేకుండానే స్వరపేటికను నేరుగా చూశాడు. చూపు సూటి అయింది. కాని గట్టి పరికరంతో నాలుకను అదిమిపట్టవలసి వచ్చింది. మెడ బిగుసుకున్న, పళ్లు కదులుతున్న వృద్ధులకు ఇది కష్టమే.

1968లో జపాన్‌లో సవాషిమా, హిరోసె సన్నని, వంగే ఫైబర్ గొట్టాన్ని ముక్కు ద్వారా పంపారు. రోగి కూర్చుని మాట్లాడుతుండగానే పరీక్ష సాధ్యమైంది. 1988లో లాంగ్‌మోర్ బృందం దీనితోనే మింగడాన్ని పరిశీలించే పద్ధతిని ప్రచురించింది. పక్షవాతం వచ్చిన వృద్ధులను మంచం దగ్గరే ఇలా పరీక్షించవచ్చు. ముక్కు ఇరుకైతే ఇందులోనూ నొప్పి ఉంటుంది.

కాబట్టి సౌకర్యం సరళరేఖలో పెరగలేదని గుర్తించాలి. రోగి ఓర్చుకోలేని పరీక్ష మధ్యలోనే ఆగిపోతుంది, జబ్బు కనబడకుండా మిగిలిపోతుంది. అందువల్ల సౌకర్యం అదనపు మర్యాద కాదు, రోగ నిర్ధారణలో భాగం.