ఫ్రంట్‌ని తెలుగులో ఏమంటారు?

ఈసారి వాతావరణం మాటల గురించి రాస్తున్నాను. ఒక్క మాటకి అర్థం వెతుకుతూ నేను వందేళ్ళు వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

నేను ఉండేది ఇంగ్లండ్ తూర్పు తీరంలో, నార్ఫక్‌లో. అమ్మమ్మ ఉండేది కృష్ణా జిల్లా అవనిగడ్డలో. ఆదివారం ఫోన్లో నా తెలుగు ప్రాక్టీసు అంతా ఆవిడతోనే. పోయిన చలికాలంలో ఒకరోజు టీవీలో వెదర్ మ్యాప్ చూస్తున్నాను. కొత్తగా నేర్చుకున్న మాట వాడాలని, "అమ్మమ్మా, మా మీదకి పెద్ద అల్పపీడనం వస్తోంది" అన్నాను. మెచ్చుకుంటుంది అనుకున్నాను. అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత అడిగింది: "సముద్రం మీకెంత దూరం తల్లీ? మీ ఇల్లు మెరక మీదే ఉందా?"

నాకు నవ్వొచ్చింది. "ఇక్కడ వారానికొకటి వస్తుంది అమ్మమ్మా. ఫ్రంట్ వస్తుంది, వాన పడుతుంది, పోతుంది" అన్నాను.

"ఫ్రంట్ అంటే ఏంటి?" అంది. నేను చెప్పలేకపోయాను.

ముందు నాకు తెలిసిన మాటలు చెప్తాను. పీడనం అంటే గాలి బరువు వల్ల కలిగే ఒత్తిడి. అల్పపీడనం అంటే చుట్టుపక్కల కన్నా ఆ ఒత్తిడి తక్కువ ఉన్న చోటు. మ్యాప్ మీద వంకర గీతలు ఉంటాయి కదా, వాటిని సమభార రేఖలు అంటారు. ఒకే పీడనం ఉన్న చోట్లన్నిటినీ ఒక గీత కలుపుతుంది. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే గాలి గట్టిగా వీస్తుంది.

తెలుగు వార్తల్లో ఈ మాటలకి మెట్లు ఉన్నాయి. అల్పపీడనం బలపడి, గాలి గంటకి 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం. 50 దాటితే తీవ్ర వాయుగుండం. 62కి చేరితే తుపాను. 89కి చేరితే తీవ్ర తుపాను. ఆ పైన ఇంకా ఉన్నాయి. అమ్మమ్మ మాత్రం వీటన్నిటినీ గాలివాన అనే అంటుంది. సముద్రం ఊరి మీదకి వస్తే ఉప్పెన.

ఇంగ్లీషులో వాడే సైక్లోన్ అన్న మాట కూడా మన సముద్రం దగ్గరే పుట్టింది. హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన కలకత్తాలో ఉంటూ, ఓడల లాగ్ పుస్తకాలు సేకరించి, గాలి ఎటునుంచి ఎటు తిరిగిందో లెక్క కట్టేవారు. 1839లో కాకినాడ దగ్గర కోరంగిని ముంచిన తుపానుని కూడా అలాగే పరిశీలించారు. పాము చుట్టని గుర్తు చేసే గ్రీకు మాట నుంచి సైక్లోన్ అన్న పేరు ఆయనే పెట్టారు. ఓడల వాళ్ళ కోసం 1848లో రాసిన పుస్తకంలో ఆ పేరు ఉంది.

మరి ఫ్రంట్? అది నార్వేలో పుట్టింది, యుద్ధం నుంచి వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో నార్వే ఏ పక్షంలోనూ లేదు. కానీ వాతావరణం వివరాలు యుద్ధ రహస్యాలు అయిపోయాయి. బ్రిటన్ నుంచి, సముద్రం మీది ఓడల నుంచి రిపోర్టులు ఆగిపోయాయి. బయటి నుంచి ధాన్యం రావడం కూడా కష్టమైంది. రైతులకి వాన ఎప్పుడు పడుతుందో చెప్పాలి. అందుకని 1918లో విల్హెల్మ్ బ్యర్క్‌నెస్ అనే శాస్త్రవేత్త బెర్గెన్ ఊళ్ళో ఉండి, నార్వే తీరం పొడవునా కొత్త పరిశీలన కేంద్రాలు పెట్టించారు. ఒకదానికొకటి దగ్గరగా ఉన్న చోట్ల నుంచి వివరాలు రావడంతో, అంతకుముందు కనపడనివి మ్యాప్ మీద కనపడ్డాయి.

వాటిని పట్టుకున్నది ఆయన కొడుకు యాకబ్. అప్పటికి 20, 21 ఏళ్ళ వయసు. అల్పపీడనం చుట్టూ వాన ఎక్కడ పడితే అక్కడ పడటం లేదని, రెండు గీతల వెంట పడుతోందని చూశారు. ఆ గీతలు వెచ్చటి గాలికీ చల్లటి గాలికీ మధ్య సరిహద్దులు. 1919లో వచ్చిన వ్యాసంలో ఆయన వాటికి వేరే పేర్లు పెట్టారు. కొద్దికాలంలోనే బెర్గెన్ వాళ్ళు ఫ్రంట్ అనడం మొదలుపెట్టారు. యుద్ధంలో రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడిన గీతని అలాగే అనేవారు కాబట్టి ఆ మాట అందరికీ వెంటనే అర్థమైంది.

ఇవాళ్టి మ్యాప్ మీద అర్ధచంద్రాలు ఉన్న ఎర్ర గీత వెచ్చటి ఫ్రంట్. అది వచ్చేముందు మబ్బులు కమ్మి చాలాసేపు వాన పడుతుంది. త్రికోణాలు ఉన్న నీలం గీత చల్లటి ఫ్రంట్. అది దాటేటప్పుడు జోరు వాన, తర్వాత గాలి దిక్కు మారి చలి పెరుగుతుంది. నీలం గీత వేగంగా కదిలి ఎర్ర గీతని అందుకుంటే రెండూ కలిసి ఊదా రంగు గీత అవుతుంది.

బంగాళాఖాతం తుపాను మ్యాప్‌లో ఈ గీతలు ఉండవు. అక్కడ అన్ని వైపులా గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది. ఎదురుపడటానికి రెండు సైన్యాలు లేవు. ఆ తుపానుకి బలం వెచ్చటి సముద్రం నుంచి వస్తుంది. నీటి ఆవిరి పైకి వెళ్ళి మబ్బుగా మారేటప్పుడు వదిలే వేడే దానికి తిండి. నేల మీదకి వచ్చాక ఆ తిండి దొరకదు, అందుకే నీరసిస్తుంది. అమ్మమ్మకి ఫ్రంట్ అన్న మాట తెలియకపోవడానికి కారణం ఇదే. ఆవిడ చూసిన గాలివానల్లో అది లేదు.

ఇంతవరకూ చదివి, నేను నవ్వింది తప్పేమీ కాదనుకున్నాను. ఇక్కడి అల్పపీడనం వేరు, అక్కడిది వేరు. తర్వాత కింగ్స్ లిన్ వెళ్ళాను. అక్కడి పెద్ద చర్చి గుమ్మం పక్కన రాతి మీద గీతలు చెక్కి ఉన్నాయి. ఏ సంవత్సరం నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో ఆ గీతలు చెప్తాయి. అందులో 1953 ఉంది.

1953 జనవరి 31 రాత్రి. స్కాట్లండ్ ఉత్తరం నుంచి ఒక అల్పపీడనం నార్త్ సీ లోకి దిగింది. ఫ్రంట్‌లు ఉన్న మామూలు అట్లాంటిక్ అల్పపీడనమే. దాని వెనక వీచిన ఉత్తరపు గాలి సముద్రాన్ని దక్షిణానికి తోసింది. అక్కడ సముద్రం ఇరుకు, పైగా పోటు సమయం. ఇంగ్లండ్ తూర్పు తీరంలో 307 మంది, నెదర్లాండ్స్‌లో 1,800 మందికి పైగా చనిపోయారు. ముందు మునిగిన ఊళ్ళ నుంచి కింది ఊళ్ళకి కబురు అందలేదు.

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు అమ్మమ్మకి 20 ఏళ్ళు. సుమారు 10,000 మంది పోయారని లెక్క. అందులో అమ్మమ్మ చెల్లెలు ఒకరు. ఇది నాకు తెలుసు. తెలిసీ నవ్వాను.

రెండు అల్పపీడనాల పుట్టుక వేరు. కానీ ఏది వచ్చినా సముద్రం పొంగవచ్చు. ఫ్రంట్ గురించి ఏమీ తెలియకుండానే ఆవిడ సరైన రెండు ప్రశ్నలు అడిగింది. సముద్రం ఎంత దూరం? ఇల్లు మెరక మీదేనా?

తర్వాతి ఆదివారం ఫోన్ చేసి జవాబు చెప్పాను. "సముద్రం నాలుగు మైళ్ళు అమ్మమ్మా. ఇల్లు మెరక మీదే." ఫ్రంట్ అంటే వెచ్చటి గాలీ చల్లటి గాలీ పోట్లాడుకునే గట్టు అని కూడా చెప్పాను. అంతకన్నా మంచి తెలుగు నాకు రాలేదు.

"సరేలే, గట్టో గోడో" అంది. "కిటికీలు మాత్రం గట్టిగా వేసుకో."

మీ ఇంట్లో పెద్దవాళ్ళు తుపానుని ఏమంటారు? అడిగి నాకు రాయండి. నా తెలుగులో తప్పులుంటే అవి కూడా చెప్పండి.