హెల్గా (గస్తీ నౌక)

హెల్గా 1908లో డబ్లిన్‌లో కట్టిన ఆవిరి నౌక. బ్రిటిష్ పాలనపై ఐరిష్ వారు చేసిన 1916 ఈస్టర్ తిరుగుబాటులో డబ్లిన్‌ను నేలమట్టం చేసిన ఓడగా దానికి పేరుపడింది. ఆ పేరు దాని సర్వీసు చరిత్రకు న్యాయం చెయ్యదు. చేపల వేటపై నిఘా, సముద్ర పరిశోధన దాని తొలి పనులు. క్లేర్ దీవి జీవజాల సర్వేకు కూడా ఉపయోగపడింది. 1915లో బ్రిటిష్ నౌకాదళం తీసుకుని, తుపాకులు బిగించి, జలాంతర్గాముల కోసం గస్తీకి పంపింది. 1916 ఏప్రిల్ 26న లిఫీ నదిలోకి వచ్చి లిబర్టీ హాల్ మీద గుళ్లు పేల్చింది. తిరుగుబాటుదారులు ఆ భవనాన్ని అప్పటికే ఖాళీ చేశారు! ఆ వారమంతా కలిపి హెల్గా పేల్చిన గుళ్లు సుమారు 40 మాత్రమే. నగర ప్రధాన వీధి అయిన శాక్‌విల్ వీధిని బూడిద చేసినవి సైన్యపు ఫిరంగులు, వాటివల్ల రేగిన మంటలు.

గుళ్ల లెక్కతో పనేమిటి, సొంత ఏలుబడిలోని నగరం మీదికి యుద్ధనౌకను తేవడమే ఘోరం కదా అని అడగవచ్చు. నిజమే, కానీ ఆ తప్పు ఆజ్ఞ ఇచ్చినవారిది. అసలు కొత్తగా ఏర్పడిన ఐరిష్ ప్రభుత్వమే ఆ నౌకను నిరాకరించలేదు. 1923లో దాన్ని తీసుకుని, మ్యుర్ఖూ అని పేరు మార్చి, మళ్లీ చేపల వేట కాపలాకే పెట్టింది. డబ్బు లేని కొత్త రాజ్యానికి వేరే దారి లేకపోయిందన్న వాదన సగమే నిలుస్తుంది: రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు కూడా తీర రక్షణకు దాన్నే ఆయుధాలతో నిలబెట్టారు. 1947 మేలో, తుక్కు కింద అమ్ముడై డబ్లిన్‌కు వెళ్తూ, సాల్టీ దీవుల దగ్గర మునిగిపోయింది.